మజిలీల పుస్తకం చేతబట్టి మర్రిపాడు దారిలో

1830 మే 18న ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్నం తండయారుపేట నుంచి కాశీకి బయల్దేరారు. 2030 వచ్చిందంటే ఆ యాత్రకు నిండా రెండు వందల ఏళ్లు. ఆ లెక్క మనసులో మెదిలినప్పుడే ఆయన 'కాశీయాత్ర చరిత్ర'ను సంచిలో వేసుకుని నెల్లూరు జిల్లా ఆత్మకూరులో బద్వేలు బస్సెక్కాను. వీరాస్వామయ్య ఈ దారిన రాలేదు. అయినా ఆయన పుస్తకమే తెచ్చుకున్నాను. దారిని ఎలా చూడాలో నేర్పే పుస్తకం తెలుగులో అంతకు మించినది నాకు కనబడలేదు.

దారి పుస్తకాలు కొత్తవి కావు. క్రీస్తుశకం ఒకటో శతాబ్దంలో ఒక గ్రీకు వర్తకుడు రాసిన 'పెరిప్లస్' ఓడ సరంగులకూ బేరగాళ్లకూ కరదీపిక. ఏ రేవులో ఏ సరుకు దొరుకుతుంది, ఏది అమ్ముడుపోతుంది అన్నీ అందులో ఉన్నాయి. మన కోస్తాను మసాలియా అన్నాడు, ఇక్కడ నేసే సన్నని బట్టల గురించి చెప్పాడు. భరుకచ్ఛం రేవు నుంచి పైఠాను ఇరవై రోజుల ప్రయాణమనీ, అక్కడికి తూర్పున పది రోజుల దూరంలో తగర ఉందనీ లెక్క కట్టాడు. దూరాన్ని రోజుల్లో కొలవడం బండి తోలేవాడి లెక్క.

ఆ తర్వాత వెయ్యేళ్లకు పైగా మన పడమటి నెల్లూరు దారుల గురించి రాసిపెట్టినవాళ్లు తక్కువ. కాకతి గణపతిదేవుడు 13వ శతాబ్దంలో మోటుపల్లి రేవు వర్తకులకు అభయశాసనం ఇచ్చాడు గానీ, అది రేవు సంగతి. ఇక 1514కు వస్తే ఉదయగిరి. గజపతుల చేతిలో ఉన్న ఆ కొండకోటను కృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడించాడు. కోటకు ఒక్క మనిషి పట్టేంత కాలిబాటే ఉంటే, రాయలు బండలు పగలగొట్టించి వెడల్పాటి దారి తీయించాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. కోట చిక్కాక అక్కడి బాలకృష్ణుడి విగ్రహం హంపీకి తరలింది. విగ్రహానికి 1515లో గుడి కట్టించారు. ఆ కొండదారిలో సైన్యమే కాదు, దేవుడూ ప్రయాణం చేశాడు.

ఇక వీరాస్వామయ్య. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీ. సుమారు వందమంది పరివారంతో, పల్లకీలతో, డేరాలతో కదిలారు. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూర్, ప్రయాగ, కాశీ, గయ, కలకత్తా. అక్కణ్నుంచి తీరం వెంట దిగి, నెల్లూరు మీదుగా 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. పదిహేను నెలలకు పైగా దారిలోనే. చూసినదాన్ని ఎప్పటికప్పుడు రాసి మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు పంపేవారు. వీరాస్వామయ్య 1836లో కన్నుమూశారు. రెండేళ్లకు, 1838లో, శ్రీనివాసపిళ్ల ఆ రాతలను అచ్చు వేయించారు. మళ్లీ 1941లో దిగవల్లి వేంకట శివరావు పరిష్కరించి, వివరాలు చేర్చి మన తరాలకు అందించారు.

ఈ పుస్తకం నాకెందుకింత ప్రాణమో చెప్పాలి. ఊరు రాగానే ఆయన మొదట చూసేవి మంచినీళ్లు, అంగళ్లు. దిగడానికి చోటుందా, తోపు నీడ ఉందా, ముందున్న దారి ఇసకా రాయా నల్లరేగడా, వాగు దాటడం ఎలా. వెనక రాబోయేవాడు తన ముంగిట నిలబడి అడుగుతున్నట్టు ఒక్కొక్కటీ జవాబు చెబుతారు. గుడి గోపురం కంటే ముందు బావి కనబడాలన్న నియమం ఏ పండితుడో చెప్పింది కాదు. వందమంది దాహం తీర్చాల్సిన మనిషికి దారే నేర్పింది. రెండు శతాబ్దాల తర్వాత ఆ పేజీలు చరిత్ర అయ్యాయి. ఏ ఊరు అప్పుడు బతికి ఉందో, ఏ చెరువు నిండి ఉందో, ఎవరి రాజ్యంలో యాత్రికుడి దగ్గర పన్ను గుంజారో వాటిలోనే తెలుస్తుంది.

పుస్తకంలో ఆత్మకూరు పేరు తగలగానే మనవాళ్లకు ప్రాణం లేచొస్తుంది. అది కర్నూలు సీమ ఆత్మకూరు. అక్కణ్నుంచే నాగలూటి మీదుగా శ్రీశైలం అడివిదారి. మన ఆత్మకూరుకు అలాంటి పేజీ లేదు. లంబాడీలు కోస్తా ఉప్పును ఎడ్లమీద వేసుకుని పడమటి సీమకు తరలించిన కాలాన్ని వాళ్ల మజిలీలతో సహా రాసినవాడు దొరకలేదు. ఆ లోటే నన్ను మర్రిపాడులో దింపింది.

టీకొట్టు దగ్గర ఒక పెద్దాయన బల్లమీద జరిగి చోటిచ్చాడు. "మా నాయన బండి కడితే నన్నూ ఎక్కించుకునేవాడు నాయనా. పోయేటప్పుడు ఉప్పు, వచ్చేటప్పుడు చింతపండు. పొద్దుగూకినాక కదిలి, తెల్లారేలోపు కనుమ ఎక్కేయాల. ఎండ ముదిరితే ఎద్దు కాలు మడుస్తాది" అన్నాడు. నీళ్లెక్కడ తాపేవారని అడిగాను. చెయ్యెత్తి పడమటి దిక్కు చూపించాడు. "అడివి మొదట్లో దిగుడుబావి ఉండె. ఆడ విప్పితే ఎద్దులే నడిచిపోయి తాగేవి."

ఆ తర్వాతి కథ ఒక వరసలో నడవదు. రైలు కడపకు ముందు వచ్చింది, నెల్లూరుకు తర్వాత వచ్చింది, మన మెట్టకు రానేలేదు. ఉప్పు ఎడ్లు మాయమయ్యాయి. కొండలను చీల్చుకు వచ్చే పెన్నకు సోమశిల దగ్గర ఆనకట్ట పడింది. కృష్ణపట్నం రేవు నుంచి నెల్లూరు, ఆత్మకూరు, మర్రిపాడు, బద్వేలు మీదుగా బళ్లారి, హుబ్లీ వైపు పోయే రోడ్డు ఇప్పుడు 67వ నంబరు జాతీయ రహదారి. రేవు నుంచి లారీలు, డీసీపల్లి వేలం కేంద్రానికి పొగాకు బేళ్లు, ఏఎస్ పేట దర్గాకు మొక్కుబడి జనం అందరూ దీనిమీదే. నడికుడి-శ్రీకాళహస్తి రైలుమార్గం పనులూ ఈ మెట్టలో సాగుతున్నాయి. సెల్‌ఫోను దారి చూపిస్తుంది, ఎన్ని నిమిషాలు పడుతుందో చెబుతుంది. బావి సంగతి దానికి తెలియదు. పెద్దాయనకు తెలుసు. ఆయన పోతే ఆ బావి రెండోసారి పూడిపోతుంది.

అందుకే ఆయన వయసువాళ్లు ఉన్న ప్రతి ఇంట్లోనూ ఒక నోటుపుస్తకం తెరవాలని చేతులు జోడించి అడుగుతున్నాను. బడిపిల్లలు సెలవుల్లో తాతలను అడిగి రాసినా చాలు. బండి ఎక్కడ విప్పేవారు, వాగు ఏ నెలలో పొంగేది, ఎవరి అరుగుమీద పడుకునేవారు. కనుమ దాకా ఒక్కో ఊరికి ఒక్కో పేజీ.

బద్వేలు బస్సు వచ్చేలోపు నా వంతు పేజీ రాసుకున్నాను: మర్రిపాడు. ఆత్మకూరు నుంచి వస్తే కనుమకు ముందు మజిలీ. టీ, టిఫిన్ దొరుకుతాయి. పడమట అడివి మొదట్లో ఒకప్పుడు దిగుడుబావి, ఎద్దులకు దారి తెలుసు. చెప్పినవారు, బండిలో పెరిగిన ఒక పెద్దాయన.