దుఃఖితుని మాట వినుట: క్రైస్తవ సలహాదారుల సంప్రదాయము



వరంగల్లు త్రోవను హైదరాబాదునకు వచ్చువారికి నగరమున మొదట ఎదురగు పెద్దకూడలి ఉప్పల్. దానికి ఉత్తరమున నాచారము. అచ్చటి కర్మాగారములలో పని దొరకునని మన పల్లెల పిల్లలనేకులు పోయి అద్దెగదులలో కాపురమున్నారు. ఊరిలో ఒకనికి కష్టము కలిగిన రచ్చబండకడనో, మేనమామ యింటనో చెప్పుకొనును. అచ్చట ప్రక్కగదివాని పేరైనను తెలియదు. అట్టివారి మాట వినుటకు కౌన్సెలర్లను వృత్తివారు నేడు నగరములందు వెలసియున్నారు. వారిలో కొందఱు క్రైస్తవులు. తమ విశ్వాసమే తమ పనికి మూలమందురు. పిల్లవాడట్టివారి యొద్దకు పోయెనని వినగానే, ‘ఇది మనస్సు బాగుచేయుటకా, మతము మార్చుటకా?’ అని పెద్దలు శంకింతురు. ఈ శంక తప్పుకాదు. దీనికి సమాధానము ఆ సంప్రదాయపు చరిత్రయందే కలదని నా యభిప్రాయము.

రోమను కథోలిక మతమున పాపసంకీర్తనమను ఆచారము కలదు. విశ్వాసి గురువు నెదుట తన దోషములను చెప్పుకొనును. 1215లో రోమునగరమున లాటరను మందిరమందు కూడిన మహాసభ, ప్రతి విశ్వాసియు ఏటికొక్కసారియైన నట్లు చెప్పుకొనవలెనని శాసించెను. విన్న రహస్యమును వెల్లడించిన గురువును పదవినుండి తొలగించి, కఠిన నియమములు గల మఠమున జీవితాంతము ప్రాయశ్చిత్తము చేయింపవలెననియు ఆ శాసనముననే కలదు. చెప్పినవాని మాట వినినవాని గుండెలోనే యుండవలెనను ధర్మమునకు ఇంతటి బలము చేకూరినది. అయినను ఆ కాలపు గురువు వినుటతో నిలువక తీర్పును చెప్పెడివాడు. తీర్పు చెప్పుట మాని, తోడుగా కూర్చుండుట నేర్చుకొనుటకు ఇంకను ఏడువందల యేండ్లు పట్టెను.

అమెరికాలో ఆంటన్ బాయిజన్ అను పాదిరి యుండెను. 1920లో ఆయనకే మతి చలింపగా చికిత్సాలయమున నుంచిరి. కోలుకొన్న పిమ్మట ఆయన ఆ బాధను దాచుకొనలేదు. వూస్టరు పట్టణపు మానసిక చికిత్సాలయమున పాదిరిగా చేరి, 1925 వేసవిలో వేదాంతవిద్యార్థులను కొందఱిని రోగుల నడుమకు తీసికొనివచ్చెను. గ్రంథములను చదివినట్లే దుఃఖితులను గూడ శ్రద్ధతో చదువవలెనని ఆయన మతము. కార్ల్ రోజర్సు అను మఱియొకడు నిష్ఠగల క్రైస్తవ కుటుంబమున పుట్టి, 1924లో మతగురువు కాగోరి విద్యాలయమున చేరి, రెండేండ్లకు దానిని విడిచి మనశ్శాస్త్రమును పట్టెను. వచ్చినవానికి ఆజ్ఞలీయక, వానిని గౌరవించి, వాని కష్టమును వాని కన్నులతో చూచిన, దారి వానికే తోచునని ఆయన బోధించెను. నేటి కౌన్సెలర్ల పద్ధతికిది ముఖ్యమైన పునాదులలో నొకటి.

ఇంగ్లాండులో చాడ్ వారా అను పాదిరి 1935లో ఒక బాలికకు ఉత్తరక్రియలు జరిపింపవలసి వచ్చెను. ఆమె రజస్వల కాగా, అది యేదో మహారోగమని భయపడి ప్రాణము తీసికొన్నదట. ఇది సహజమమ్మా యని చెప్పుటకు ఆ పిల్లకొక్క మనిషి లేకపోయెను. ఈ దుఃఖమాయనను విడువలేదు. 1953లో లండనునగరమున తన గుడియందు టెలిఫోనుంచి, చావనెంచినవారు ముందుగా తనతో మాటలాడవలసినదని ప్రకటించెను. ఆయనను కలిసికొన వచ్చినవారికి సామాన్యులగు సహాయకులు తేనీరిచ్చి ప్రక్కన కూర్చుండి వినుచుండగా, పలువురికి పాదిరిని చూడవలసిన అవసరమే లేకపోయెను. వినుటయే మందని గ్రహించి, మరుసటి యేడు ఆ పనిని వారికే అప్పగించెను. వచ్చినవారికి మతబోధ చేయరాదని నియమమును గూడ పెట్టెను. పాదిరియే యిట్లు పెట్టుట గమనింపదగినది.

మన పొరుగుననే, చిత్తూరు ప్రాంతపు తెలుగువారు వైద్యమునకై పోవు రాయవేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో, 1957లో డాక్టరు ఫ్లారెన్సు నికల్సు మానసిక ఆరోగ్యకేంద్రమును స్థాపించెను. రోగితో బంధువొకరు అచ్చటనే నివసించుట ఆ కేంద్రపు పద్ధతి. మన దేశమున మనిషి ఒంటరివాడు కాడు, కుటుంబములోనివాడని యెఱిగి చేసిన యేర్పాటిది. సికిందరాబాదున 1997లో వెలసిన రోష్నీ సంస్థ మతసంబంధమైనది కాదు. అయినను తీర్పు చెప్పక వినవలెనను మార్గమే దానిదియును.

ఇది మనకు పరాయిధర్మమా? భగవద్గీత ప్రథమాధ్యాయమును తలచుకొనుడు. అర్జునుడు తన విషాదమునంతయు వెళ్లబోసికొని విల్లు జారవిడుచువఱకు కృష్ణుడు నడుమ అడ్డుపడలేదు. ఉపదేశము తరువాతిది, వినుట ముందటిది.

చట్టము సైతము ఈ త్రోవకే వచ్చినది. 1860 నాటి శిక్షాస్మృతి ఆత్మహత్యాయత్నమును నేరముగా నెంచెను. 2017 నాటి మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టము, అట్టివాడు తీవ్రమైన మనోవ్యధలో నున్నట్లు భావించి శిక్షింపరాదని చెప్పెను. మతమునుబట్టి రోగియెడ భేదము చూపరాదనియు, అతని రహస్యమును కాపాడవలెననియు నందే కలదు.

కావున మీ పిల్లవాడు ఉప్పల్లోనో నాచారములోనో క్రైస్తవ సలహాదారుని యొద్దకు పోయెనని వినినచో, మతమును చూచి కోపింపకుడు, మతమును చూచి నమ్మకుడు. నాలుగు సంగతులు విచారింపుడు. అతడు చెప్పుటకంటె ఎక్కువ వినునా? విన్నదానిని దాచునా? ఔషధము కావలసినపుడు వైద్యుని యొద్దకు పంపునా? అడుగనిదే తన దేవుని మాట యెత్తకుండునా? నాలుగింటికిని ఔననునతడు తన పూర్వులు కష్టపడి నేర్చిన ధర్మమును నిలుపుచున్నవాడు. దుఃఖమును ఎరగా చేసికొనువాడు మీ ధర్మమునకే కాదు, తన ధర్మమునకును ద్రోహి.

డబ్బు లేనివారికిని మార్గము కలదు. 2022 అక్టోబరులో ప్రభుత్వము ప్రారంభించిన టెలిమానస్ అను సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసిన, రేయింబవళ్లు ఉచితముగా, తెలుగులోనే మాటలాడవచ్చును. ఈ సంఖ్యను పంచాయతి గోడమీద వ్రాయింపుడు. అంతకుముందు మీ యింట మాటలు తగ్గించిన పిల్లవాని ప్రక్కన, తీర్పేమియు చెప్పక, కొంతసేపు కూర్చుండుడు.