వాహనం వెనుక దీపాలను ఎల్‌ఈడీకి మార్చేముందు తెలుసుకోవలసినవి

రాత్రివేళ రహదారిపై ముందు వెళ్తున్న వాహనం గురించి వెనుక వచ్చే చోదకునికి ప్రధానంగా దాని వెనుక దీపాలే సమాచారం ఇస్తాయి. అక్కడ ఒక వాహనం ఉన్నదని టెయిల్ లైటు, వేగం తగ్గుతున్నదని బ్రేక్ లైటు, మలుపు తిరగబోతున్నదని ఇండికేటరు తెలుపుతాయి. కంపెనీ అమర్చిన బల్బులను తీసివేసి, బజారులో దొరికే ఎల్‌ఈడీ దీపాలను బిగించుకునే వాహనదారులు ఎందరో ఉన్నారు. ఈ మార్పు సక్రమంగా జరిగితే భద్రత పెరుగుతుంది. జరగని పక్షంలో వెనుక వచ్చే వారికి అందవలసిన సంకేతమే చెదిరిపోతుంది.

పాత బల్బు పనితీరు

వాడుకలో వీటిని హాలోజన్ దీపాలని అంటున్నా, వెనుక భాగంలో ఎక్కువగా ఉండేవి సాధారణ ఫిలమెంటు బల్బులే. విస్తృతంగా వాడుకలో ఉన్న పి21/5డబ్ల్యూ రకం బల్బులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి. 5 వాట్ల ఫిలమెంటు టెయిల్ లైటుగా సుమారు 35 ల్యూమెన్ల కాంతిని, 21 వాట్ల ఫిలమెంటు బ్రేక్ లైటుగా సుమారు 440 ల్యూమెన్ల కాంతిని ఇస్తాయి. అంటే బ్రేకు నొక్కగానే వెలుగు పన్నెండు రెట్లకు పైగా పెరుగుతుంది. వెనుకనున్న చోదకుడు గుర్తించేది ఈ తేడానే. రెండు దీపాలూ ఒకే అద్దం వెనుక ఉన్నప్పుడు, బ్రేకు నొక్కితే వెలుగు కనీసం అయిదు రెట్లు కావాలని ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనలు కూడా నిర్దేశిస్తున్నాయి.

ఎల్‌ఈడీతో కలిగే మేలు

ఫిలమెంటు వేడెక్కి పూర్తిగా వెలగడానికి సుమారు 0.2 సెకను పడుతుంది. ఎల్‌ఈడీకి ఆ జాప్యం దాదాపు ఉండదు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్లే వాహనం ఆ 0.2 సెకనులో సుమారు 5.5 మీటర్లు ముందుకు సాగుతుంది. అంటే వెనుక వచ్చే చోదకునికి ఒక కారు పొడవుకు మించిన దూరం కలిసివస్తుంది. పైగా ఎల్‌ఈడీలు తక్కువ విద్యుత్తుతో వెలుగుతాయి. తెగిపోయే ఫిలమెంటు ఉండదు గనుక గతుకుల రోడ్ల కుదుపులకూ తట్టుకుంటాయి.

బల్బు ఒక్కటే మార్చితే వచ్చే చిక్కులు

దీపం లోపలి రిఫ్లెక్టర్‌ను ఫిలమెంటు ఉండే చోటును బట్టి రూపొందిస్తారు. ఎల్‌ఈడీ బల్బులో కాంతి వేర్వేరు చిప్‌ల నుంచి, వేర్వేరు దిశల్లో వెలువడుతుంది. అందువల్ల దగ్గర నుంచి చూస్తే మిరుమిట్లు గొలిపే దీపం, దూరం నుంచి లేదా పక్క నుంచి చూస్తే మసకగా కనిపించవచ్చు. నాసిరకం బల్బుల్లో టెయిల్ లైటు, బ్రేక్ లైటు వెలుగుల మధ్య తేడా బాగా తగ్గిపోతుంది. అప్పుడు బ్రేకు వేసిన సంగతి వెనుకవారికి వెంటనే తెలియదు.

రంగు విషయంలోనూ జాగ్రత్త అవసరం. తెల్లని ఎల్‌ఈడీల కాంతిలో ఎరుపు భాగం తక్కువ. దానిని ఎర్రని అద్దం వెనుక అమర్చితే కాంతిలో చాలా భాగం అద్దంలోనే ఆగిపోతుంది. కాబట్టి ఎర్రని అద్దానికి ఎర్రని ఎల్‌ఈడీయే తగినది. అయితే అనేక మోటారు సైకిళ్లలో టెయిల్ లైటు అడుగున ఉండే పారదర్శక భాగం గుండా అదే బల్బు నంబరు ప్లేటుకూ వెలుగునిస్తుంది. అక్కడ ఎర్రని ఎల్‌ఈడీ పెడితే నంబరు ప్లేటుపై ఎర్రని కాంతి పడుతుంది. ఇటువంటి వాహనాలకు కంపెనీ బల్బునే కొనసాగించడం మేలు.

కొన్ని నాసిరకం దీపాల్లో, ఇతర వాహనాల కాంతి పడినప్పుడు మెరిసే ఎర్రని రిఫ్లెక్స్ పలకలు ఉండవు. దీపాలు ఆర్పి రోడ్డు పక్కన నిలిపిన వాహనాన్ని చీకట్లో పట్టి ఇచ్చేవి అవే.

ఇండికేటర్ల సమస్య

ఎల్‌ఈడీ బిగించిన తరువాత ఇండికేటరు అతివేగంగా కొట్టుకోవడం తరచుగా కనిపిస్తుంది. విద్యుత్ వాడకం తగ్గడంతో బల్బు కాలిపోయిందని ఫ్లాషర్ భావించడమే దీనికి కారణం. ఇండికేటరు నిమిషానికి 60 నుంచి 120 సార్లు వెలిగి ఆరడం అంతర్జాతీయ ప్రమాణం. దీనిని సరిచేయడానికి కొందరు రెసిస్టర్లు కలుపుతారు. అవి బాగా వేడెక్కుతాయి గనుక ప్లాస్టిక్‌కు, వైర్లకు తగలకుండా లోహపు భాగంపై బిగించాలి. వాహనానికి సరిపోయే పక్షంలో ఎల్‌ఈడీకి అనువైన ఫ్లాషర్ రిలేను అమర్చడం ఇంతకన్నా మంచి పద్ధతి.

చట్టం ఏమంటోంది

కేంద్ర మోటారు వాహన నిబంధనలు, 1989లోని 105వ నిబంధన ప్రకారం వెనుక ఎర్రని దీపం 155 మీటర్ల దూరం నుంచి కనిపించాలి. నంబరు ప్లేటు తెల్లని కాంతిలో 15 మీటర్ల దూరం నుంచి చదవగలిగేలా ఉండాలి. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను నియంత్రిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే విషయాన్ని స్పష్టం చేసింది. అదే ఏడాది చేసిన సవరణతో వచ్చిన 182ఎ సెక్షను ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పునకు యజమానికి 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు శిక్ష, లేదా రెండూ విధించవచ్చు.

మార్చుకోదలచిన వారు పాటించవలసినవి

అదే మోడల్‌లోని ఖరీదైన రకానికి తయారీ సంస్థే ఎల్‌ఈడీ దీపాలు అమర్చి ఉంటే, ఆ దీపం మొత్తాన్ని అధీకృత సర్వీసు కేంద్రం ద్వారా మార్పించుకోవడం అన్నిటికన్నా సురక్షితం. వైరింగు సరిపోతుందా, వారంటీకి భంగం కలుగుతుందా అని అక్కడ ముందే అడగాలి. కార్లకు సాధారణంగా 12 వోల్టుల దీపాలు, లారీలకు, బస్సులకు ఎక్కువగా 24 వోల్టుల దీపాలు అవసరమవుతాయి. అద్దంపై నల్లని ఫిల్ము అంటించరాదు. ఎడతెగకుండా మినుకుమినుకుమనే బ్రేక్ లైట్లను వాడరాదు.

అమర్చిన తరువాత ఒకరిని వాహనం వెనుక 50 అడుగుల దూరంలో, ఆపై మరింత దూరంలో నిలబెట్టి బ్రేకును నొక్కుతూ, వదులుతూ పరీక్షించాలి. మండుటెండలో ఒకసారి, టెయిల్ లైటు వెలుగుతుండగా రాత్రి మరొకసారి చూడాలి. పక్కకు జరిగి కూడా గమనించాలి. బ్రేకు వేసిన సంగతి చూసేవారికి తడుముకోకుండా తెలియకపోతే, పాత బల్బునే తిరిగి బిగించుకోవాలి. కారుకు కొత్త అందం రాకపోయినా, వెనుక వచ్చే వారికి ఆగేందుకు వ్యవధి దొరుకుతుంది.