కొలిమి నుండి కారుషెడ్డు వరకు: హోసూరు, కృష్ణగిరి సీమలో బండి మరమ్మతుల చరిత్ర

కృష్ణగిరి నుండి హోసూరునకు దూరము దాదాపు ఏబది కిలోమీటర్లు. ఆ బాట నడుమ ఘట్టము కలదు. కృష్ణగిరి ప్రాంతము బారామహలు. హోసూరు ప్రాంతము ఘట్టముపైనున్న బాలఘాటు. 1792 నాటి శ్రీరంగపట్టణపు సంధితో బారామహలు, 1799లో టిప్పు సుల్తాను మరణానంతరము హోసూరు సీమ ఆంగ్లేయుల వశమయ్యెను. సేలము జిల్లాలో చేరిన ఈ రెండు సీమలును 1965లో ధర్మపురి జిల్లాలోనికిని, 2004లో కృష్ణగిరి జిల్లాలోనికిని మారినవి. పాలకులు మారిరి, జిల్లాలు మారినవి. ఘట్టపు ఎక్కుడు మాత్రము మారలేదు. దానిని ఎక్కవలసిన ప్రతి బండికిని చక్రము గట్టిగా నుండవలెను, ఇరుసు చల్లగా నుండవలెను. కావున ఈ సీమలో బండి బాగుచేయు విద్యకు ఆ ఎక్కుడే తొలి గురువని నా తలంపు.

మన సీమ కోటలను గూర్చియు, శాసనములను గూర్చియు పెద్దలు వ్రాసినారు. ఇంటి ముంగిట కారు ప్లగ్గు తుడుచుకొను గృహస్థును గూర్చి గాని, షెడ్డులో నేలపై వెల్లకిల పరుండి బోల్టు విప్పు మేస్త్రిని గూర్చి గాని వ్రాయవలెనని ఎవరికిని తోచినట్లు లేదు. ఆ మేస్త్రీలలో అనేకులు మన భాష మాటలాడువారు. వారి పనియు, ఆ పనిలో పుట్టిన మాటలును చరిత్రలో భాగములే యని చూపుట ఈ వ్యాసోద్దేశము.

మొదట ఎడ్లబండిని చూతము. బండిచక్రమునకు ఆకులు, పూటీలు, ఇరుసు, కడశీల ముఖ్యాంగములు. చక్రము వదులైనప్పుడు కమ్మరి ఇనుపపట్టాను పిడకలమంటలో ఎఱ్ఱగా కాల్చి, కొయ్యచక్రమునకు తొడిగి, వెంటనే నీరు పోయును. వేడికి విచ్చుకొన్న పట్టా చల్లబడి ముడుచుకొని, ఆకులను పూటీలను ఒక్కటిగా బిగించును. ఇది పట్టెడలో జరుగు పని. ఇరుసునకు కందెన వేయుట ఇంటిపని. ఆముదములో గడ్డి కాల్చిన మసి కలిపి, ప్రయాణమునకు ముందు బండివాడే పూసికొనును. ఇంటిపని వేఱు, పట్టెడపని వేఱు అను ఈ విభాగము మోటారుతో వచ్చినది కాదు. బండివాడును కమ్మరియు ఏనాడో ఏర్పఱచుకొన్న కట్టుబాటును మోటారు అనుసరించినది.

దక్షిణదేశమున మోటారు యుగము చెన్నపురితో ఆరంభమైనది. సింప్సను కంపెనీకి చెందిన శామ్యూల్ జాన్ గ్రీన్ 1903లో అచ్చట ఆవిరికారు నొకదానిని నిర్మించెను. తరువాత ఫోర్డు, జనరల్ మోటార్సు సంస్థలు 1920-30 మధ్యకాలమున మన దేశములో బండ్లను కూర్చి అమ్మసాగినవి. ఆ దినములలో డ్రైవరన్నచో బండి తోలువాడు మాత్రమే కాడు. త్రోవలో అది నిలిచిపోయినచో విప్పి బాగుచేయువాడును అతడే. హేండిలు త్రిప్పి ఇంజను లేపుట, పంచరైన ట్యూబునకు అతుకు వేయుట, చేతిపంపుతో గాలి కొట్టుట నిత్యకృత్యములు.

ఈ విద్య పాఠశాలలలో పుట్టినది కాదనుటకు తమిళనాట తెలుగు కుటుంబమున పుట్టిన జి.డి. నాయుడుగారి జీవితమే తార్కాణము. 1893లో కోయంబత్తూరు ప్రాంతమున జన్మించిన ఆయన, ఒక ఆంగ్లేయ ఉద్యోగి మోటారుసైకిలును చూచి ముచ్చటపడి, పనిచేసి సొమ్ము కూడబెట్టి దానిని కొని, పూర్తిగా విప్పి మరల కూర్చెనని ప్రసిద్ధి. 1920లో ఒకే బస్సుతో పొల్లాచి, పళనిల నడుమ రాకపోకలు ప్రారంభించి, దానిని పెద్ద సంస్థగా పెంచెను. విప్పి చూచుటయే ఆయన విద్యాభ్యాసము. 1974లో ఆయన దివంగతుడైనను, విప్పి చూచి నేర్చుకొను పద్ధతి మన షెడ్లలో ఇప్పటికిని నిలిచియున్నది.

రెండవ ప్రపంచయుద్ధకాలమున పెట్రోలు కొఱత యేర్పడగా బస్సుల వెనుక బొగ్గుపొయ్యిలు అమర్చి, ఆ వాయువుతో నడిపిరి. స్వాతంత్ర్యానంతరము, దేశములోనే తయారీ జరుపు సంస్థలకు మాత్రమే తావుండునని ప్రభుత్వము 1953లో నిర్ణయింపగా, ఫోర్డు, జనరల్ మోటార్సు వెడలిపోయినవి. హిందుస్థాన్, ప్రీమియర్, చెన్నపురిలోని స్టాండర్డు కార్లు ప్రధానముగా మిగిలినవి. 1958 ప్రాంతమున వెలువడిన అంబాసిడరు 2014 వరకు తయారైనది. ఇది మరమ్మతు చరిత్రలో మిక్కిలి ముఖ్యవిషయము. కారు రకములు తక్కువ, అవి మారిన తీరు నెమ్మది. కావుననే ఒక తరము నేర్చిన పని మరుసటి తరమునకు అక్కఱకు వచ్చినది. ఇంజను చప్పుడు విని రోగము చెప్పగల మేస్త్రీలు ఆ స్థిరత్వమునుండి పుట్టినవారే.

అంబాసిడరు గల ఇంటిలో ఉదయమున జరుగు పనులను మాలో అనేకులు బాల్యమున చూచియుందురు. రేడియేటరులో నీరు, ఇంజనులో నూనె, బ్యాటరీలో డిస్టిల్డు వాటరు చూచుట మొదటిది. ప్లగ్గు విప్పి, గరుకు కాగితముతో మసి గీకి, అంగుళములో వేయింట 25 వంతుల సందు ఉంచుట రెండవది. డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లను శుభ్రపఱచి, వేయింట 15 వంతుల సందు సరిచూచుట మూడవది. ఆ సందు చెదరినచో నిప్పురవ్వ సకాలమున పడదు. బండి ఘట్టము సగమెక్కి ఆయాసపడును. కార్బురేటరు జెట్టులో నలక పడినచో నోటితో ఊది తీయుటయు ఇంటిపనియే. ఎండకాలమున ఎక్కుడులో పెట్రోలు పంపులోనే ఆవిరియై బండి నిలిచినప్పుడు, పంపుపై తడిగుడ్డ వేసి కొంతసేపు చెట్టునీడన కూర్చుండుట ఆనాటి ప్రయాణికులకు తెలిసిన చికిత్స. దిగునప్పుడు బ్రేకులు కాగి పట్టు తప్పకుండ తక్కువ గేరులో దిగవలెననునది పెద్దల హెచ్చరిక.

షెడ్డు పనులు వేఱు. ఇంజను తల విప్పి బొగ్గు గీకుట, వాల్వులకు పేస్టు పూసి రుద్ది కూర్చుట, అరిగిన సిలిండరును లేతుపై బోరు చేయించుట నైపుణ్యముతో కూడినవి. కుంగిన కమాను కట్టలను కొలిమిలో కాల్చి మరల వంపు తెచ్చుటలో పాత కమ్మరి విద్యయే కొత్త బండికి పనిచేసినది. బ్రేకు గొట్టములోని గాలి తీయుటకు ఇద్దఱు కావలెను. ఒకడు లోపల కూర్చుండి పెడలు తొక్కి పట్టవలెను. వేఱొకడు క్రింద పరుండి నిపిలు వదులు చేసి, గాలిబుడగలు పోగానే బిగింపవలెను. ఈ పని మాటపై నడచును. హోసూరులో ఒకే షెడ్డునందు ఒకడు తొక్కు అనియు, ఒకడు మిది అనియు, వేఱొకడు ఒత్తు అనియు పలుకగా నేను వింటిని. తెలుగు, తమిళము, కన్నడము మూడును ఒకే బ్రేకును సరిచేసినవి.

ఆ షెడ్డులోని మాటలు శాసనాక్షరములవలె చదువదగినవి. మరమ్మతు అరబ్బీనుండి ఉర్దూ ద్వారమున వచ్చినది. మేస్త్రి పోర్చుగీసువారి మాట. బోల్టు, గేరు, బ్రేకు ఇంగ్లీషువి. పానా బయటనుండి వచ్చి మనదైనది. మన పట్టెడయు తమిళుల పట్టఱైయు ఒక్క కుటుంబపు మాటలని వినగానే తోచును. వీని నడుమ సుత్తి, పట్టకారు, ఆకురాయి, కొలిమి, ఇరుసు, కందెన అను మన మాటలు చెక్కుచెదరక నిలిచినవి.

1970 తరువాత హోసూరులో సిప్కాట్ పారిశ్రామికవాడ వెలసినది. 1980లో అశోక్ లేలాండు కర్మాగారమును, టి.వి.ఎస్. మోపెడ్ల తయారీయు ఇచ్చట ఆరంభమైనవి. 1983లో మారుతి కారు వచ్చెను. 2000 ప్రాంతమున ఉద్గార నియమములు కఠినము కాగా, కార్బురేటరు తొలగి ఇంధనము చిమ్ము పరికరము వచ్చెను. పాయింట్ల సందు చూచు పని లుప్తమైనది. 2020 ఏప్రిలునుండి బి.ఎస్. 6 నియమము అమలులోనికి వచ్చెను. 2021లో హోసూరున ఏథర్, పోచంపల్లి ప్రాంతమున ఓలా విద్యుత్ స్కూటర్ల కర్మాగారములు పని ప్రారంభించినవి. ఇప్పుడు లోపమును చెవి చెప్పదు, కంప్యూటరు తెర చెప్పును. ఇంటివానికి టైరుగాలి, నీరు, ఫ్యూజు, వైపరు మాత్రము మిగిలినవి. బండ్లు త్రోవలో నిలుచుట తగ్గినది, ఇది మేలే. పోవుచున్నది ఆ పనితో జీవించిన మాట.

నా తరగతిలో జరిగిన చిన్న విషయము చెప్పి ముగింతును. తండ్రి పనిని గూర్చి వ్యాసము వ్రాయుమనగా, ఒక మేస్త్రి కుమారుడు గైడులోని వాక్యములను ఎత్తి వ్రాసెను. అందు తండ్రి యంత్రములను శుభ్రపఱచునట. అంతకు మించి యేమియు లేదు. ప్రక్కకు పిలిచి నోటితో చెప్పుమంటిని. ఆకురాయితో పాయింట్లు రుద్దుట మొదలు కమాను కాల్చుట వరకు ఆ బాలుడు పావుగంట తడుముకొనక చెప్పెను. ఇదే వ్రాయలేదేమి అంటిని. “అది మంచి తెలుగు కాదు గదా సారూ, షెడ్డు తెలుగు గదా” అనెను.

ఆ మాట నన్ను చాలకాలము బాధించినది. 2006 నాటి చట్టముతో తమిళము నిర్బంధమైన పిదప మన పిల్లలకు తెలుగు చదువుట కష్టమైనదని మనము సభలలో చెప్పుకొనుచున్నాము, అది నిజమే. అయితే ఆ బాలుని తెలుగు మంచిది కాదని వానికి నేర్పినది ఏ చట్టమును కాదు. మావంటి ఉపాధ్యాయులమే ఎఱ్ఱసిరాతో దిద్ది దిద్ది నేర్పితిమి. ఆనాడు ఆ బాలునిచేత వ్యాసమును మరల వ్రాయించితిని. ఒక్క షెడ్డు మాటకైనను గీత పెట్టలేదు.

పాయింట్ల సందు చూచిన తరము నేడు వృద్ధాప్యమున నున్నది. ఈ సంచికను చదువు ప్రతివారును తమ ఊరి షెడ్డుకు ఒకసారి పోయి, పనిముట్టునకును పనికిని అచ్చటివారు వాడు మాటను, అది యే భాషదైనను, వ్రాసికొని సంఘమునకు పంపుదురేని, ఒక చిన్న పదకోశము సిద్ధమగును. అది పాఠ్యపుస్తకమునకు ఎక్కునో యెక్కదో నేను చెప్పజాలను. మేస్త్రి కుమారుడు మాత్రము దానిలో తన తండ్రి మాటను అచ్చులో చూచుకొనును. ఈ వ్యాసమునకు అంతకన్న వేఱు ఫలము కోరను.