జలరహిత ఆఫ్‌సెట్ ముద్రణ: పనితీరు, ప్రయోజనాలు

వినుకొండ: పత్రికలు, పాఠ్యపుస్తకాలు, కరపత్రాలు, మిరప కారం పొట్లాలపై అంటించే లేబుళ్లు మొదలైన వాటిలో అధిక భాగం నేడు ఆఫ్‌సెట్ పద్ధతిలోనే ముద్రితమగుచున్నవి. ఈ పద్ధతిలో సిరా ఎంత ముఖ్యమో నీరు కూడా అంతే ముఖ్యము. ప్లేటును తడపనవసరం లేకుండా ముద్రించు విధానమే జలరహిత ఆఫ్‌సెట్. దీని వివరములు ఈ దిగువన పొందుపరచడమైనది.

సాధారణ ఆఫ్‌సెట్

నూనె, నీరు కలియవన్న సూత్రంపై 1796లో జర్మనీకి చెందిన అలాయిస్ సెనెఫెల్డర్ శిలా ముద్రణను కనుగొన్నారు. నేటి ఆఫ్‌సెట్‌కు అదే మూలం. అల్యూమినియం ప్లేటుపై అక్షరాలు, బొమ్మలు ఉన్న భాగం సిరాను, ఖాళీ భాగం నీటిని గ్రహిస్తాయి. ప్లేటుపై సిరా రబ్బరు బ్లాంకెట్ మీదికి, అక్కడినుండి కాగితం మీదికి చేరుతుంది. తడిపే నీటిలో బంక, ఆమ్లంతోపాటు పలు యంత్రాలలో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కూడా కలుపుతారు. నీరు ఎక్కువైతే రంగు వెలిసిపోవును. తక్కువైతే ఖాళీ భాగానికి మసి పట్టును. ఈ సమతౌల్యం కుదిరేలోగా అనేక కాగితాలు వృథా అగుచుండును.

సున్నపురాయి నిక్షేపాలు గల పల్నాడు ప్రాంతంలో నీటి కాఠిన్యం మరొక సమస్య. కఠిన జలంలోని కాల్షియం లవణాలు రోలర్లపై పేరుకొని సిరా సరఫరాకు ఆటంకం కలిగిస్తాయి.

జలరహిత విధానం

ఈ ప్లేటుపై నీటి పనిని సిలికాన్ రబ్బరు చేస్తుంది. అల్యూమినియంపై ఒక పూత, దానిపై అతి పలుచని సిలికాన్ పొర ఉంటాయి. ముద్రించవలసిన చోట సిలికాన్‌ను తొలగించగా, అడుగు పూత బయటపడి సిరాను గ్రహిస్తుంది. మిగిలిన చోట సిలికాన్ సిరాను అంటనీయదు. ఇందుకు చిక్కని ప్రత్యేక సిరా అవసరం.

అమెరికాకు చెందిన 3ఎం సంస్థ తొలుత రూపొందించిన ఈ విధానపు హక్కులను 1972లో జపాన్‌కు చెందిన టోరే సంస్థ కొనుగోలు చేసి అభివృద్ధిపరచింది. 1991లో హైడెల్‌బర్గ్ సంస్థ యంత్రంపైనే ప్లేటు తయారయ్యే ముద్రణ యంత్రాన్ని ఈ విధానంతోనే ప్రవేశపెట్టింది. ఉబ్బెత్తు ప్లేటుతో ముద్రించు డ్రై ఆఫ్‌సెట్ వేరు, ఇది వేరు అని గమనించవలెను.

ప్రయోజనాలు

* ఆల్కహాల్ ఆవిరి ఉండదు. కార్మికులు పీల్చు గాలికిని, పరిసరాలకును ఇది మేలు. రసాయనాలు కలిసిన తడి నీటిని పారబోయవలసిన పని తప్పును.
* సరియైన రంగు త్వరగా కుదురును. కాగితం వృథా తగ్గును.
* చుక్కలు వ్యాపించకపోవుటచే బొమ్మలు స్ఫుటంగా వచ్చును. అంగుళానికి 300 గీతల స్క్రీన్‌తోనూ ముద్రించవచ్చును.
* కాగితం తడిసి సాగదు. ప్లాస్టిక్ కార్డులు, రేకుల వంటి నీరు పీల్చని వాటిపై ముద్రణకు అనుకూలము.

పరిమితులు

సాధారణ యంత్రంలో నీరు ఆవిరై కొంత వేడిని తగ్గిస్తుంది. ఇందులో ఆ వీలు లేదు. వేడికి సిరా పలుచబడితే సిలికాన్‌కు కూడా అంటును. అందుచేత రోలర్ల లోపల చల్లని నీటిని ప్రవహింపజేయు శీతలీకరణ ఏర్పాటు తప్పనిసరి. ఈ నీరు మూసిన గొట్టాలలో తిరుగునదే గాని పారబోయబడునది కాదు. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే వినుకొండ వంటి చోట్ల ఈ ఏర్పాటుకు అంతరాయంలేని విద్యుత్తు కావలెను.

సిలికాన్ పొరపై సులభంగా గీతలు పడును. ప్లేట్ల ధర కూడా అధికము. కాగితపు నూగు, ధూళిని కడిగివేయు నీరు లేనందున బొమ్మలపై మచ్చలు ఏర్పడవచ్చును. పత్తి, మిరప వ్యాపారం సాగు ప్రాంతాలలో యంత్రశాలలోకి నూగు, దుమ్ము రాకుండా జాగ్రత్త వహించవలెను.

గమనించదగిన అంశం

తక్కువ ప్రతులు, నాసిరకం కాగితంపై జరుగు ముద్రణకు ఈ పెట్టుబడి గిట్టుబాటు కాకపోవచ్చును. నాణ్యమైన లేబుళ్లు, కార్డులు, వర్ణచిత్రాల పుస్తకాలకు ఇది తగినది. సాధారణ ఆఫ్‌సెట్‌లో కొనసాగు చిన్న ముద్రణాలయాలు శుద్ధిచేసిన నీటిని వాడి, ఆల్కహాల్ పరిమాణాన్ని తగ్గించి, గాలి, వెలుతురు ధారాళంగా వచ్చు ఏర్పాటు చేసుకొన్నచో కార్మికుల ఆరోగ్యమును, ముద్రణ నాణ్యతను కొంతమేరకు కాపాడుకొనవచ్చును.