రేడియో ముల్లు ఉన్నచోటే: బోరబండ విన్న హైదరాబాద్ కేంద్రం

మా బస్తీ బోరబండ చరిత్ర అడిగితే సైట్-1, సైట్-2, సైట్-3 అని మొదలుపెడతారు. ఏ గుడిసె ఎప్పుడు పడింది, ఎవరి హయాంలో పట్టాలు వచ్చాయి, నల్లా ఎప్పుడు వచ్చింది అని చెప్తారు. బస్తీ ఏం విన్నదో మాత్రం ఎవరూ రాయలేదు. మా దగ్గర రేడియో స్టేషన్ ఎన్నడూ లేదు. అమీర్‌పేట, పంజాగుట్ట, ఖైరతాబాద్ దాటితే వచ్చే సైఫాబాద్‌లోని ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రమే మా స్టేషన్. మీడియం వేవ్‌లో 738 కిలోహెర్ట్జ్.

ఈ అంకెకు పెద్ద వయసే ఉంది. నిజాం కాలంలో దీని పేరు దక్కన్ రేడియో. అప్పట్లో అది 411 మీటర్ల మీద పలికేది, అంటే దాదాపు 730 కిలోహెర్ట్జ్. 1975లో జెనీవాలో చాలా దేశాలు కూర్చుని మీడియం వేవ్ స్టేషన్ల మధ్య తొమ్మిదేసి కిలోహెర్ట్జ్‌ల ఎడం ఉండాలని ఒప్పుకున్నాయి. 1978లో అది అమల్లోకి వచ్చింది. 738 ఆ లెక్కలో ఇమిడే అంకె. రాజ్యం పోయింది, రాష్ట్రాలు మారాయి, భాష మారింది, పేరు మారింది. డయల్ మీద ముల్లు మాత్రం దాని మందమంత కూడా జరగలేదనుకోవచ్చు.

మొదలుపెట్టింది సర్కారు కాదు. హైదరాబాద్ సంస్థానపు తపాలా శాఖలో పనిచేసే మహబూబ్ అలీ అనే ఆయన 1933 ప్రాంతంలో చిరాగ్ అలీ లేన్‌లో 200 వాట్ల చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టుకుని ప్రసారాలు చేశాడు. 200 వాట్లంటే ఇప్పటి మన పెళ్లి బ్యాండు స్పీకర్లకు కూడా చాలదు. ఆ మోజు నిజాం ప్రభుత్వం దృష్టికి వచ్చింది. 1935 ఫిబ్రవరి 3న స్టేషన్‌ను సర్కారే తీసుకుంది. ఆలిండియా రేడియో (తర్వాతి ఆకాశవాణి) అన్న పేరు పుట్టింది ఆ మరుసటి ఏడాది, 1936 జూన్‌లో. ఆ రకంగా మన స్టేషన్ ఆ పేరుకంటే పాతది. తర్వాత అది ఖైరతాబాద్‌లోని యావర్ మంజిల్‌కు చేరింది. సరూర్‌నగర్‌లో ఐదు కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్ లేచింది. ఔరంగాబాద్‌లోనూ సంస్థానానికి ఇంకో స్టేషన్ ఉండేది.

ఆ రోజుల్లో స్టేషన్ మాట్లాడింది ప్రధానంగా ఉర్దూ. తెలుగు, మరాఠీ, కన్నడ భాషలకు కొద్దికొద్ది సమయం విదిలించేవారు. సంస్థానంలో దాదాపు సగం మంది ఇంట్లో మాట్లాడుకునేది తెలుగు, రేడియో మాట్లాడేది దర్బారు భాష. అయినా విసుక్కునే అవకాశం కూడా జనానికి లేదు, ఎందుకంటే రేడియో సెట్టు నవాబులకూ వకీళ్లకూ తప్ప ఎవరికీ అందేది కాదు. బోరబండ అప్పటికి నగరం అంచుల అవతల ఉన్న బండలు, తుప్పలు.

ఆ స్టేషన్ గొంతు ఊరందరికీ అవసరమైన రోజు 1948 సెప్టెంబర్ 17. భారత సైన్యం నగరం పొలిమేరకు వచ్చింది. ప్రధాని లాయక్ అలీ ప్రభుత్వం రాజీనామా చేసింది. సాయంత్రం ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ రేడియోలో మాట్లాడి, కాల్పులు ఆపమని తన సైన్యానికి చెప్పినట్టు ప్రకటించాడు. వారం తిరక్కముందే, 23న, మరోసారి మాట్లాడాడు. అన్నేళ్లు ఫర్మానాలతో ఏలిన రాజు చివరికి తన మాట చెప్పుకోడానికి మైకు ముందుకు రావాల్సి వచ్చింది. నా దృష్టిలో మన స్టేషన్ చరిత్రలో అంతకు మించిన ప్రసారం లేదు.

1950 ఏప్రిల్ 1న దక్కన్ రేడియో ఆలిండియా రేడియోలో కలిసింది. 1956 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక హైదరాబాద్ రాజధాని కేంద్రమైంది. తెలుగు ముందుకొచ్చింది, ఉర్దూ వెనక్కి జరిగింది. మద్రాసు నుంచి న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు వచ్చారు. పిల్లలకు వాళ్లే రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య. దేవులపల్లి కృష్ణశాస్త్రి, దాశరథి ఇక్కడ పనిచేశారు. లలిత సంగీతానికి పాలగుమ్మి విశ్వనాథం, మహాభాష్యం చిత్తరంజన్ పేరు తెచ్చారు. ఇదంతా గొప్పదే, కాదనను. కాని నిన్నమొన్నటిదాకా ఉర్దూ విన్న తెలంగాణ ఇల్లు ఇప్పుడు కృష్ణా గోదావరి తీరాల తెలుగు వినడం మొదలుపెట్టింది. వార్తల తెలుగు బడి తెలుగు. మా అమ్మ మాట్లాడే తెలుగు అందులో వినిపించడానికి చాలాకాలం పట్టింది.

సినిమా పాటల సంగతి వేరే కథ. 1952లో కేంద్ర సమాచార మంత్రి అయిన బి.వి.కేస్కర్‌కు సినిమా పాటలంటే గిట్టలేదు, ఆకాశవాణిలో అవి దాదాపు అడుగంటాయి. జనం ముల్లు తిప్పి రేడియో సిలోన్ పట్టుకున్నారు. అక్కడ హిందీకి బినాకా గీత్‌మాలా, తెలుగుకు మీనాక్షి పొన్నుదురై గొంతు. శ్రోతలు చేజారిపోతున్నారని గ్రహించి 1957 అక్టోబర్ 3న సినిమా పాటలు వేసే వివిధభారతి పెట్టారు. తర్వాత అందులోకి వాణిజ్య ప్రకటనలూ వచ్చాయి. మంత్రి అభిరుచిని జనం అభిరుచి ఓడించిందన్నమాట. ఇట్లాంటివి మన దేశంలో తరచుగా జరగవు.

బోరబండకు సంబంధించి నేను అన్నిటికన్నా పైన పెట్టేది కార్మికుల కార్యక్రమం. మా బస్తీ నిలబడింది సనత్‌నగర్ పారిశ్రామికవాడ పక్కన. 1942లో మొదలైన ఆల్విన్ కంపెనీ అక్కడిదే. నిజాం సర్కారు, అల్లాఉద్దీన్ కంపెనీ కలిసి పెట్టినది. బస్సు బాడీలు, బీరువాలు, తర్వాత ఫ్రిజ్‌లు, వాచీలు. కొంచెం అవతల బాలానగర్‌లో ఐడీపీఎల్, హెచ్ఏఎల్. వాటి చుట్టూ వందల చిన్న షెడ్లు. షిఫ్టులకు వెళ్లేవాళ్లు, ఆ షెడ్లలో రోజుకూలీకి చేసేవాళ్లు బోరబండ, మోతీనగర్, ఎర్రగడ్డల్లో కాపురముండేవాళ్లు. రైతులకు పాడిపంటలు కార్యక్రమం ఉన్నట్టే వాళ్లకు కార్మికుల కార్యక్రమం. చిన్నక్క, ఏకాంబరం, రాంబాబు కూర్చుని ముచ్చట పెట్టేవాళ్లు. పీఎఫ్ ఎందుకు కోస్తారు, ఈఎస్ఐ ఆస్పత్రిలో ఏం అడగాలి, మిషన్ దగ్గర వేలు పోతే ఎవరికి చెప్పాలి అన్నవి ఆ ముచ్చట్లలోనే కలిసిపోయేవి. మా నాయిన ఒక చిన్న షెడ్డులో లేతు మీద పనిచేసేవాడు. యూనియన్ మీటింగులకు పోయేవాడు కాదు. హక్కుల గురించి ఆయనకు తెలిసిందల్లా చిన్నక్క చెప్పిందే. "మన చిన్నక్క చెప్పింది కదరా" అనేవాడు, ఆమె పక్క గల్లీలో ఉన్నట్టు.

విచిత్రమేమంటే, ఆ కార్యక్రమాన్ని సరిగ్గా విననివ్వనిది కూడా ఆ షెడ్లే. మీడియం వేవ్ వాడే ఏఎం ప్రసారంలో శబ్దాన్ని తరంగం ఎత్తుపల్లాలుగా పంపుతారు. వెల్డింగ్ నిప్పురవ్వ, మోటారు బ్రష్షు, ట్యూబ్‌లైటు చోకు, ఏది పుట్టించిన విద్యుత్ రొద అయినా ఆ ఎత్తుపల్లాల్లో కలిసి కరకరమంటుంది. ట్రాన్సిస్టర్ లోపల ఫెరైట్ కడ్డీ ఒకటి ఉంటుంది, అదే ఏరియల్. స్టేషన్‌కు అడ్డంగా ఉంటే బాగా పడుతుంది, నిలువుగా తిరిగితే మూగబోతుంది. అందుకే సెట్టును అటూ ఇటూ తిప్పి, ఒక దిక్కున కుదిరాక కిటికీలో ఇటుకపెళ్ల ఆనించి పెట్టేవాళ్లు. రాత్రయితే ఇంకో తమాషా. పగలు నేల వెంబడి వచ్చే తరంగాలు రాత్రి పైనున్న అయనోస్ఫియర్‌ను తాకి దూరదేశాలు దాటుతాయి కాబట్టి మన స్టేషన్ పక్కనే ఏ భాషో తెలియని గొంతులు చొరబడేవి.

మర్ఫీ, బుష్, ఫిలిప్స్ సెట్లు ఇంటింటా లేవు. ఉన్నవాళ్ల అరుగే బస్తీకి హాలు. సెట్టుకు తపాలా ఆఫీసులో ఏటా లైసెన్సు కట్టాలి, చిన్న పుస్తకంలో ముద్ర వేసేవాళ్లు. 1980లలో అది రద్దయింది. లైసెన్సు అడిగేవాళ్లు వస్తున్నారంటే సెట్టు బియ్యం డబ్బాలోకి వెళ్లేది, ఇందులో దాపరికం ఎందుకు? ఉత్తరాలకు మాత్రం అందరూ ముందే ఉండేవాళ్లు. కోరిన పాటలు వేసే జనరంజనికి కార్డు రాసి గల్లీలోని పిల్లల పేర్లన్నీ ఇరికించి, ఎప్పుడు చదువుతారా అని చెవులు అప్పగించేవాళ్లు.

దూరదర్శన్ వచ్చాక అరుగులు ఖాళీ అయ్యాయి. 1995లో సుప్రీంకోర్టు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు ఇచ్చింది. ప్రైవేటు స్టేషన్లకు దారి పడింది, 2006లో ఎఫ్ఎంలో రేడియో మిర్చి, రేడియో సిటీ హైదరాబాద్‌కు వచ్చాయి. ఎఫ్ఎంలో రొద లేదు, స్పష్టంగా వినిపిస్తుంది. కాని వాటిలో పీఎఫ్ సంగతి చెప్పే చిన్నక్క లేదు. ఇటు ఏఎం సెట్టులో స్టేషన్ పట్టడమే కష్టమైంది. ఎల్ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జర్లు వెల్డింగ్ షెడ్లను మించి రొద చేస్తున్నాయి. సెల్‌ఫోన్‌లో మీడియం వేవ్ రాదు. ఆకాశవాణి కార్యక్రమాలు ఇప్పుడు యాప్‌లో వినాలి. దేశంలో చాలాచోట్ల పాత ఏఎం ట్రాన్స్‌మిటర్లను ఆపేస్తున్నారు.

ఒక్కటి మాత్రం చెప్పుకోవాలి. రాత్రిపూట వచ్చే ఉర్దూ కార్యక్రమం నైరంగ్. ఒకప్పుడు స్టేషన్ మొత్తాన్నీ ఏలిన భాష ఆ కాసేపటిలోకి ఒదిగింది. బోరబండలో తెలుగు ఇళ్లూ ఉర్దూ ఇళ్లూ గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. రెంటికీ ఒకే ముల్లు పనికొచ్చిన స్టేషన్ ఇది.

ఇక నా మనవి. మీ ఇంట్లో పాత రేడియో లైసెన్సు పుస్తకం ఉంటే ఎర్రగడ్డ ఆదివారం సంతలో తూకానికి వేయకండి. అందులో పేరు, చిరునామా, ఏ ఏడు డబ్బు కట్టారో తపాలా ముద్రతో ఉంటాయి. పట్టాలు రాకముందు ఈ గల్లీలో ఎవరున్నారో చెప్పే కాగితాలు మనకు చాలా తక్కువ. దాన్ని ఫోటో తీసి, సంవత్సరం రాసి, పిల్లలకు ఇవ్వండి. ఎనభై దాటిన పెద్దలు ఇంట్లో ఉంటే మొట్టమొదట ఎవరి సెట్టులో ఏం విన్నారో అడిగి, ఫోన్‌లోనే రికార్డు చేసి పెట్టండి.