గండిపేట నుంచి సైబర్ టవర్స్ దాకా: పశ్చిమ హైదరాబాదులో అధికారం అల్లిన కథలు

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేటల మీదుగా గండిపేట వరకు సాగే హైదరాబాదు పడమటి నేలను నేడు ఐటీ కారిడార్ అంటున్నారు. దీని చరిత్రను భూముల ధరలతోనూ కంపెనీల పేర్లతోనూ చెప్పడం రివాజైంది గాని, నాలుగు దశాబ్దాలుగా తెలుగు నాయకులు తమను గురించి ప్రజలకు చెప్పుకున్న కథలకు ఇది ముఖ్యమైన వేదిక అన్న సంగతి అంతగా చర్చకు రాలేదు. ఒక నాయకుడు తనకు అనుకూలమైన రూపాన్ని జనం మనసులో నిలపడానికి సినిమా, పత్రిక, ఫోటో, భవనం, పథకం పేరు వంటి సాధనాలన్నిటినీ ఒకే దిశలో, ఎడతెగకుండా వాడుకోవడమే ఇక్కడ ప్రచారం అంటే. అది అబద్ధమే కానక్కరలేదు. నిజాలలో దేన్ని చూపాలో, దేన్ని చట్రం బయట ఉంచాలో, కథను ఎక్కడ ఆపాలో నిర్ణయించడంలోనే దాని బలమంతా ఉంటుంది. సైబరాబాదుగా పేరుపడిన ఈ ప్రాంతం పుట్టుకను ఈ కోణంలో చూస్తే తప్ప పూర్తిగా అర్థం చేసుకోలేం.

ఈ కథ మొదలైంది వెండితెర మీద. 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీని స్థాపించిన నందమూరి తారక రామారావు, సుమారు తొమ్మిది నెలలకే, 1983 జనవరి ఎన్నికలలో 294 స్థానాలున్న శాసనసభలో 200కు పైగా గెలుచుకున్నారంటే, అంతకు ముందు దశాబ్దాల పాటు రాముడిగా, కృష్ణుడిగా ఆయన రూపం పల్లె పల్లెకూ పరిచయమై ఉండడం అందుకు ఒక పెద్ద కారణం. చైతన్య రథం అని పేరు పెట్టిన పాత షెవర్లే వ్యాను పైకెక్కి ఆయన మాట్లాడుతుంటే, తెర మీద విన్న కంఠమే రోడ్డు మీద వినిపించింది. నాచారంలోని తన రామకృష్ణా స్టూడియోలో ఆయన తీసిన ‘శ్రీమద్విరాట్ వీరబ్రహ్మేంద్రస్వామి చరిత్ర’ సెన్సారు వివాదంలో ఏళ్ల తరబడి నలిగి, 1984 నవంబరులో గాని విడుదల కాలేదు. ఆ ఆగస్టులో గవర్నరు రామ్‌లాల్ ఆయనను పదవి నుంచి తొలగించడం, నెల రోజులకే ప్రజాందోళన ఫలితంగా ఆయన తిరిగి ముఖ్యమంత్రి కావడం అప్పటికే జరిగిపోయాయి. రాబోయే కాలాన్ని ముందే చెప్పడాన్ని కాలజ్ఞానం అంటారు. కాలజ్ఞానం చెప్పిన బ్రహ్మంగారి పాత్రలో, కోల్పోయిన అధికారాన్ని అప్పుడే తిరిగి గెలుచుకున్న ముఖ్యమంత్రి కనిపించినప్పుడు, ప్రేక్షకుడికి కథ ఎక్కడ ముగిసి రాజకీయం ఎక్కడ మొదలైందో వేరుచేసి చూడడం సులభం కాదు.

1908 మూసీ వరదల అనంతరం నగర రక్షణకు కట్టిన ఉస్మాన్‌సాగర్‌ను జనం గండిపేట చెరువంటారు. ఆ దాపుల్లోనే తెలుగు విజయం అన్న పేరుతో రామారావు నెలకొల్పిన ప్రాంగణం పార్టీ మహానాడులకు, కార్యకర్తల శిక్షణకు వేదిక అయింది. అక్కడి కుటీరం, ముఖ్యమంత్రి ధరించిన కాషాయ వస్త్రాలు కలిసి, సన్యాసిలా జీవిస్తూ రాజ్యం ఏలే రాజర్షి అన్న భావన కలిగించాయి. ఆ రూపానికి పదును ఎంతో ప్రత్యర్థులకు తెలుసు కాబట్టే దాన్ని ఎదుర్కోవడానికి వాళ్లూ సినిమానే ఎంచుకున్నారు. నటుడు కృష్ణ వర్గం నుంచి 1987లో ‘మండలాధీశుడు’, 1989లో ‘గండిపేట రహస్యం’ వచ్చాయి. అదే 1989లో కృష్ణ కాంగ్రెసు పక్షాన ఏలూరు నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ‘మండలాధీశుడు’లో రామారావును పోలిన పాత్ర వేసిన కోట శ్రీనివాసరావు ఆ వేషధారణను, మాట తీరును ఎంత దగ్గరగా అనుకరించారంటే, అభిమానుల కోపానికి తాను గురికావలసి వచ్చిందని తరువాతి కాలంలో ఆయనే చెప్పుకున్నారు. ఒక ఊరి పేరు ఒక సినిమా పేరులోకి ఎక్కి, ఆ పేరు వినగానే ఎవరిని ఉద్దేశించిందో రాష్ట్రమంతటికీ తెలిసిపోయిందంటే, గండిపేట అప్పటికే భూగోళాన్ని దాటి రాజకీయ సంకేతంగా మారిందన్నమాట.

1994 డిసెంబరులో తెలుగుదేశం ఒక్కటే 216 స్థానాలు గెలిచి, మధ్యలో అధికారం కోల్పోయిన రామారావు తిరిగి గద్దెనెక్కారు. తొమ్మిది నెలలైనా నిండకముందే, 1995 ఆగస్టులో, ఎమ్మెల్యేలలో అత్యధికులు ఆయన అల్లుడు, మంత్రి నారా చంద్రబాబు నాయుడి వైపు వెళ్లిపోయారు. హుసేన్‌సాగర్ ఒడ్డున ఉన్న వైస్రాయ్ హోటల్లో శిబిరం నడిచింది, సెప్టెంబరు 1న చంద్రబాబు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. పదవి పోయిన రామారావు చివరిగా ఆశ్రయించినది కూడా ప్రచార సాధనాన్నే: ‘జామాతా దశమ గ్రహం’ అన్న పేరుతో తన గొంతును క్యాసెట్టులో రికార్డు చేసి జనంలోకి వదిలారు. 1996 జనవరి 18న ఆయన కన్నుమూశారు.

కొత్త ముఖ్యమంత్రి ముందు నిలిచిన ప్రశ్న పరిపాలనకు సంబంధించినది మాత్రమే కాదు. ఆయన ఎన్నిక ద్వారా గాక శాసనసభ్యుల మద్దతుతో గద్దెనెక్కారు. ఎవరి బొమ్మ చూసి జనం ఓటు వేశారో ఆ మనిషినే దించి ఎక్కారు. తెర మీద రూపం లేదు, రామారావుతో పోలిస్తే వక్తృత్వమూ తక్కువే. మామగారి కథలోనే కొనసాగితే ఆయన ఎప్పటికీ ద్రోహి పాత్రలోనే మిగిలిపోయేవారు. అందుచేత కథనే మార్చవలసి వచ్చింది. దైవాంశ గల కథానాయకుడి స్థానంలో, కంపెనీని నడిపే ప్రధాన నిర్వహణాధికారిలా రాష్ట్రాన్ని నడిపే సీఈఓ ముఖ్యమంత్రి ముందుకు వచ్చారు. కాషాయానికి బదులు ల్యాప్‌టాప్, చైతన్య రథానికి బదులు వీడియో కాన్ఫరెన్సు, గండిపేట కుటీరానికి బదులు మాదాపూర్ గుట్టల మధ్య ఒక గుండ్రటి భవనం.

ఆ భవనమే సైబర్ టవర్స్. ఎల్ అండ్ టీ సంస్థ, ప్రభుత్వ రంగంలోని ఏపీఐఐసీ భాగస్వామ్యంలో నిర్మితమైన ఈ పది అంతస్తుల కట్టడాన్ని 1998 నవంబరు 22న ప్రధాని అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించారు. దాని పరిసరాలకు పెట్టిన హైటెక్ సిటీ అన్న పేరు నిజానికి హైదరాబాద్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ అండ్ ఇంజినీరింగ్ కన్సల్టెన్సీ సిటీ అన్న పొడవాటి పేరులోని తొలి అక్షరాల కూర్పు. ఆ కూర్పే అత్యాధునికం అన్న అర్థాన్నీ స్ఫురింపజేసేలా ఉండడం కాకతాళీయమని అనుకోనక్కరలేదు. నాలుగు పాదాలుగా విడిపోయి మధ్యలో ఆకాశానికి తెరుచుకున్న వృత్తాకారం కావడం వల్ల, ఆ భవనం ఏ వైపు నుంచి ఫోటో తీసినా ఒకే తీరుగా, నాలుగు దిక్కులకూ ముఖమే ఉన్నట్టుగా కనిపిస్తుంది. అప్పటి ఫోటోలలో దాని చుట్టూ బండలూ తుప్పలూ తప్ప మరేమీ ఉండవు, ఆ ఖాళీయే ఫోటోకు ప్రాణం పోసింది: ఏమీ లేని చోట ఒక మనిషి సంకల్పంతో నగరం మొలిచిందన్న కథ అందులో నుంచే పుట్టింది. పత్రికల మొదటి పేజీలలో, ప్రభుత్వ ప్రకటనలలో, పాఠ్యపుస్తకాలలో చార్మినార్ పక్కన ఆ భవనం బొమ్మ చేరింది.

చట్రం బయట మిగిలినవేమిటో కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే అవి చాలా ఉన్నాయి. హైదరాబాదులో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ 1967 నుంచే ఉంది. సత్యం కంప్యూటర్స్ 1987లోనే మొదలైంది. 1990ల ఆరంభంలోనే కేంద్ర ప్రభుత్వపు సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కు అమీర్‌పేట మైత్రీవనంలో పనిచేసింది. ఇప్పుడు గచ్చిబౌలిలో ఉన్న కేంద్రీయ విశ్వవిద్యాలయం 1974లోనూ, మాదాపూర్‌లోని శిల్పారామం 1992లోనూ ఏర్పడ్డాయి. 1991 నాటి ఆర్థిక సరళీకరణ, 2000 సంవత్సరపు తేదీలను కంప్యూటర్లు తప్పుగా చదువుతాయన్న వైటుకె సమస్యను సరిదిద్దడానికి అమెరికాకు ఉన్నట్టుండి వేలాది ప్రోగ్రామర్లు అవసరపడడం కూడా ఈ ఎదుగుదలకు కారణాలే. అన్నిటికీ మించి, ఆ బండల మధ్య మాదాపూర్, ఖానామెట్, ఇజ్జత్‌నగర్, కొత్తగూడ, నానక్‌రామ్‌గూడ అనే ఊళ్లు ఉండేవి, వాటికి చెరువులూ, పొలాలూ, పశువుల మేత బీళ్లూ ఉండేవి. ఖాళీ స్థలం అన్న ఒక్క మాట ఆ ఊళ్ల చరిత్రను తుడిచిపెట్టింది, ఇది ఆ ప్రచారం చేసిన అన్యాయాలలో అతి పెద్దది. అయినా చంద్రబాబు పాత్రను కొట్టివేయడం కూడా సరికాదు. 1998లోనే ట్రిపుల్ ఐటీ, మైక్రోసాఫ్ట్ అభివృద్ధి కేంద్రం, 2001 డిసెంబరులో ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ ఇక్కడికి రావడం వెనుక ఆయన పట్టుదల ఉంది. 1997లో ఢిల్లీలో బిల్ గేట్స్‌ను కలిసి ల్యాప్‌టాప్‌లో రాష్ట్రాన్ని చూపించడం, కొద్ది నిమిషాలకని మొదలైన ఆ సమావేశం చాలాసేపు సాగడం అన్న వృత్తాంతాన్ని ఆయన నేటికీ సభల్లో చెబుతూనే ఉన్నారు. బలమైన ప్రచారానికి ఇలాంటి నిజమైన గింజ ఒకటి తప్పనిసరిగా కావాలి.

1999లో మెకిన్సీ సంస్థ సాయంతో తయారైన విజన్ 2020 పత్రం ఆ కథకు ఇరవై ఏళ్ల భవిష్యత్తును జోడించింది. వారం వారం సాగిన ‘డయల్ యువర్ సీఎం’ కార్యక్రమం ముఖ్యమంత్రి గొంతును ఇంటింటికీ చేర్చింది. ఆ ఏడాది ఎన్నికలలో తెలుగుదేశం 180 స్థానాలు గెలవడంతో, 1995 నుంచి వెంటాడిన ప్రశ్నకు తొలిసారి ఓటర్ల నుంచే సమాధానం దొరికినట్టయింది. అయితే బీజేపీతో పొత్తు, కార్గిల్ యుద్ధానంతర వాతావరణం, డ్వాక్రా మహిళా సంఘాలు, దీపం పథకపు గ్యాసు కనెక్షన్లు కూడా ఆ గెలుపులో పాలు పంచుకున్నాయి. 2000 మార్చి 24న అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ హైటెక్ సిటీలో ప్రసంగించినప్పుడు ఆ కథ ప్రపంచమంతటా వినిపించింది. అదే ఏడాది ఆగస్టు 28న, విద్యుత్ చార్జీల పెంపుకు వ్యతిరేకంగా వామపక్షాలు చేపట్టిన ఆందోళనపై బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపినప్పుడు, దాని రెండో ముఖం బయటపడింది. పల్లెల్లో వరుస కరువులు, ఎండిన బోర్లు, రైతుల ఆత్మహత్యలు ఉండగా నగరపు పడమటి అంచున వెలుగులు ఉండడమే ప్రతిపక్షానికి ఆయుధమైంది. వ్యవసాయం దండగ అని ముఖ్యమంత్రి అన్నారని ప్రత్యర్థులు ఊరూరా చెప్పారు, ఆయన దాన్ని ఎప్పటికప్పుడు ఖండించారు, అయినా ఆ మాట అంటుకుపోయింది; ప్రచారంతో కట్టిన రూపాన్ని ప్రచారంతోనే కూల్చవచ్చుననడానికి తెలుగునాట ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ దొరకదు. 2003 ఏప్రిల్ 9న కాంగ్రెసు నాయకుడు వై.ఎస్. రాజశేఖరరెడ్డి పాదయాత్ర మొదలుపెట్టిన చేవెళ్ల, ఈ ఐటీ కారిడార్‌కు పడమట కొద్ది దూరంలోని వ్యవసాయ ప్రాంతం. పంచెకట్టు, తలపాగా, మండుటెండలో నడక కలిసి ల్యాప్‌టాప్‌కు ఎదురు రూపమయ్యాయి. 2004 ఎన్నికలలో తెలుగుదేశం 47 స్థానాలకు పడిపోయింది.

అధికారం పోయినా ఆ రూపం పోలేదు, సినిమాలోకి తిరిగి చేరింది. 2010 నాటి ‘లీడర్’, 2018 నాటి ‘భరత్ అనే నేను’ చిత్రాలు రెండింటిలోనూ ముఖ్యమంత్రి అయిన తండ్రి మరణించగా విదేశాల నుంచి వచ్చిన చదువుకున్న కొడుకు, ఓటర్ల తీర్పు లేకుండానే, పార్టీ లోపలి లెక్కలతో పదవిలోకి వస్తాడు. ‘లీడర్’లో అయితే తండ్రి దాచిన డబ్బుతో ఎమ్మెల్యేలను కొంటాడు. ఆ తరువాత పరిపాలనా దక్షతతో, కెమెరాల ముందు సూటిగా మాట్లాడే తీరుతో జనం మనసు గెలుస్తాడు. 1995లో తలెత్తిన నైతిక ప్రశ్నకు సినిమా కల్పన ఇచ్చిన జవాబు ఇది: సమర్థుడైతే చాలు, దారి ఏదైనా తరువాత సర్దుకుంటుంది. ఆ రెండు సినిమాలూ ఒక దశలో కథానాయకుడి చేత రాజీనామా చేయిస్తాయి గనుక, ఆ జవాబు వాటికీ పూర్తిగా రుచించలేదని అనుకోవచ్చు.

2019 ఎన్నికల ముందు మూడు నెలలు మరింత గట్టి పాఠం నేర్పుతాయి. ఫిబ్రవరి 8న రాజశేఖరరెడ్డి పాదయాత్రపై ‘యాత్ర’ వచ్చింది. జనవరిలో ‘ఎన్టీఆర్ కథానాయకుడు’, ఫిబ్రవరి 22న ‘ఎన్టీఆర్ మహానాయకుడు’ వచ్చాయి. రామారావు పాత్ర వేసిన బాలకృష్ణ అప్పటి తెలుగుదేశం ఎమ్మెల్యే, చంద్రబాబుకు బావమరిది, వియ్యంకుడు కూడా. ‘మహానాయకుడు’ 1984 సంక్షోభంలో అల్లుణ్ని మామకు కుడిభుజంగా చూపి, రామారావు భార్య బసవతారకం మరణంతో ఆగిపోతుంది. మార్చి 29న తెలంగాణలో విడుదలైన రామ్‌గోపాల్ వర్మ ‘లక్ష్మీస్ ఎన్టీఆర్’ ‘మహానాయకుడు’ వదిలేసిన చివరి ఏళ్లనే తీసుకుని వైస్రాయ్ హోటలు దాకా నడిపిస్తుంది. ఒకే జీవితం; ఒకరు కత్తెర వేసిన చోట ఇంకొకరు మొదలుపెట్టారు. వర్మ సినిమాను పోలింగుకు ముందు ఆంధ్రప్రదేశ్‌లో హైకోర్టు ఆపింది గాని, కొండాపూర్, మాదాపూర్ ప్రాంతాల్లో ఉంటూ ఓటు వేయడానికి మాత్రం సొంత ఊళ్లకు వెళ్లే ఆంధ్ర ఉద్యోగులకు అది అందుబాటులోనే ఉంది.

తెలంగాణ ఏర్పడిన తరువాత వచ్చిన ప్రభుత్వం కూడా ఇదే నేల మీద తన గుర్తులు నాటింది: 2015లో అంకుర సంస్థల కేంద్రం టీ-హబ్, 2020 సెప్టెంబరులో దుర్గం చెరువుపై కేబుల్ వంతెన. 2023 సెప్టెంబరు 9న చంద్రబాబు నంద్యాలలో అరెస్టయినప్పుడు, మాదాపూర్‌లో సైబర్ టవర్స్ దగ్గర సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ప్లకార్డులతో గుమిగూడారు. వాళ్లలో చాలామంది ఆ భవనం ప్రారంభమైన నాటికి చిన్నపిల్లలు. ఆంధ్ర రాజకీయాలను ఆంధ్రలోనే చేసుకోవాలని అప్పటి తెలంగాణ మంత్రి కె.టి. రామారావు అన్నారు, పోలీసులు నిరసనలకు అనుమతి నిరాకరించారు. అక్టోబరు 29న గచ్చిబౌలి స్టేడియంలో, సైబర్ టవర్స్‌కు ఇరవై అయిదేళ్లు నిండుతున్న సందర్భాన్ని పురస్కరించుకుని ఐటీ ఉద్యోగులు చంద్రబాబుకు కృతజ్ఞతగా సంగీత సభ జరిపారు. 2024 జూన్ 12న ఆయన మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. అమరావతిలో నెలకొల్పుతామంటున్న క్వాంటం వ్యాలీని వర్ణించవలసి వచ్చినప్పుడు ఆయన ఎదుటివారికి సాక్ష్యంగా చూపుతున్నది ఇప్పటికీ మాదాపూర్ బండల మధ్య లేచిన ఆ గుండ్రటి భవనాన్నే.