తాతయ్య విన్న బాలమురళి: ఒక సవరణ

మా ఇంటి చరిత్ర రాసుకుంటున్న ఈ పేజీల్లో రెండేళ్ళ క్రితం ఒక మాట రాశాం. మా తాతయ్య బెజవాడ వెళ్ళి, మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి మొట్టమొదటి కచేరీ ముందు వరసలో కూర్చుని విన్నారని. చుట్టాలందరూ చదివి సంతోషపడ్డారు. బాబాయి గారైతే ఆ పేజీ అచ్చు తీయించి ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకున్నారు. ఇప్పుడు చెప్పక తప్పదు, ఆ మాట తప్పు. ఎలా తప్పో, ఎవరి వల్ల జరిగిందో, దాని బదులు నిలిచే నిజం ఏమిటో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు మా సంగతి రెండు ముక్కలు. మాది యానాం. తాతయ్య 1960ల్లో గోదావరి వదిలి, తుంగభద్ర ఎడమ కాలువ కింద రాయచూరు జిల్లా సింధనూరు దగ్గర పొలం కొనుక్కుని వెళ్ళారు. 1953లో ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి, కృష్ణా జిల్లాల రైతులు అలా చాలామంది వెళ్ళారు. వాళ్ళు గుడిసెలు వేసుకున్న చోట్లని ఇప్పటికీ 'క్యాంపు' అనే అంటారు. మేము అక్కడే పుట్టాం, కన్నడ మీడియంలో చదువుకున్నాం. ఇప్పుడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక నేర్చుకున్నవే, కాబట్టి ఇందులో తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

తేదీలు కుదరలేదు

కిందటి వేసవిలో మామ్మ ట్రంకు పెట్టె సర్దుతుంటే తాతయ్య జనన పత్రం దొరికింది. ఫ్రెంచిలో ఉంది. యానాం అప్పుడు ఫ్రెంచి వాళ్ళది కదా. బ్రిటిషు వాళ్ళు వెళ్ళిపోయిన ఏడేళ్ళ దాకా, అంటే 1954 వరకూ అక్కడ ఫ్రెంచి జెండాయే ఎగిరింది. ఆ ఏడు జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య గారి నాయకత్వంలో ఊరు చేతికొచ్చింది, నవంబరు 1న పాలన భారతదేశానికి అప్పగించారు. ఇంట్లో పండగలూ పుట్టినరోజులూ తిథుల లెక్కలో గుర్తుంచుకునేవాళ్ళు గానీ, పత్రంలో మాత్రం తేదీ స్పష్టంగా ఉంది. తాతయ్య పుట్టింది 1937లో.

బాలమురళి గారు పుట్టింది 1930 జులై 6న. ఎనిమిదేళ్ళకే బెజవాడలో త్యాగరాజ ఆరాధన వేడుకల్లో పూర్తి కచేరీ చేశారని చెబుతారు. ఒకటి రెండేళ్ళు అటూ ఇటూ అయినా సరే, అప్పటికి తాతయ్య చంటిపిల్లాడు. ముందు వరసలో కూర్చోవడం కాదు, అమ్మ ఒళ్ళో నిద్రపోయే వయసు. మా ఉద్యోగంలో అయితే దీన్ని ఒక్క నిమిషంలో బగ్ అని రాసి పంపించేస్తాం. ఇంట్లో అది అంత తేలిక కాదు. నాలుగు రోజులు ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నాం. చివరికి మామ్మనే అడిగాం.

మామ్మ నవ్వింది. "మీ తాతయ్య విన్నానని ఎప్పుడన్నారర్రా? వాళ్ళ నాన్న విన్నాడట అనేవారు. బట్టల బేరానికి బెజవాడ వెళ్ళినప్పుడు, ఒక బుడ్డోడు పాడుతుంటే పెద్ద పెద్ద విద్వాంసులు నోళ్ళు తెరుచుకు కూర్చున్నారట."

విన్నాడట. కూర్చున్నారట. ఆ 'ట' ఎక్కడ జారిపోయిందా అని వెతికితే మా దగ్గరే తేలింది. ఏడో తరగతిలో 'మా ఇంటి పెద్దలు' అని కన్నడంలో ఒక వ్యాసం రాశాం. కన్నడంలోనూ మన 'ట' లాంటి ముక్క ఒకటుంది, 'అంతె'. అది రాయలేదు. అది పెడితే వాక్యం బలహీనంగా ఉంటుందనుకున్నామో, ముత్తాత కంటే తాతయ్య అయితే బావుంటుందనుకున్నామో ఇప్పుడు గుర్తులేదు. వ్యాసానికి బహుమతిగా స్టీలు గిన్నె ఇచ్చారు. అప్పట్నుంచీ ఇంట్లో అందరూ అదే చెప్పుకుంటూ వచ్చారు, చివరికి ఈ పేజీల్లోకీ ఎక్కింది.

"మరి తాతయ్య అప్పుడే ఎందుకు దిద్దలేదు?" అనడిగాం. "పిల్లలకి బహుమానం వచ్చింది, ఇప్పుడెందుకు పాడుచెయ్యడం అన్నారు" అంది మామ్మ.

అవతలి ఒడ్డు, నిజానికి రెండు ఏళ్ళ అవతల

తాతయ్య నిజంగా అన్న మాట ఇంకోటుంది. "బాలమురళి మా అవతలి ఒడ్డువాడు." దీన్నీ సరిచూశాం. ఆయన పుట్టిన శంకరగుప్తం పాత రాజోలు తాలూకాలోది. యానాం రేవులో పంటెక్కి గౌతమి దాటితే ఎదుర్లంక వస్తుంది. అక్కణ్ణుంచి అమలాపురం మీదుగా వెళ్ళి వైనతేయ దాటితే గాని రాజోలు సీమ రాదు. అంటే రెండు పాయల అవతల. ఇప్పుడు గౌతమి మీద బాలయోగి గారి పేరున వారధి ఉంది కాబట్టి దూరం తెలియదు గానీ, ఆ రోజుల్లో అదొక ప్రయాణమే. మధ్యలో ఫ్రెంచి సరిహద్దు కూడా. అయినా 'అవతలి ఒడ్డు' అన్న మాట కొట్టెయ్యబుద్ధి కాలేదు. సింధనూరు నుంచి చూస్తే గోదావరి పాయలన్నీ ఒకటే ఒడ్డు.

బాలమురళి గారి తండ్రి పట్టాభిరామయ్య గారు సంగీతం తెలిసినవారు, తల్లి సూర్యకాంతమ్మ గారు వీణ వాయించేవారు. బిడ్డ పొత్తిళ్ళలో ఉండగానే ఆ తల్లి పోయారు. తండ్రి బెజవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి దగ్గర చేర్పించారు. పంతులు గారి గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారు, ఆయన గురువు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య గారు, ఆయన సాక్షాత్తూ త్యాగరాజస్వామి శిష్యులు. అంటే త్యాగయ్య గారికీ బాలమురళికీ మధ్య ముగ్గురే మనుషులు. మొదట మురళీకృష్ణ అనే పేరు. దానికి ముందు 'బాల' చేర్చింది హరికథా విద్వాంసులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ గారు. మామ్మకి ఆయన గురించి అన్నిటికన్నా నచ్చే ముక్క ఇదే. హరికథ చెప్పేవాళ్ళు ఊరికే పేర్లు పెట్టరు అంటుంది.

డెబ్బై రెండు

మా పనికి దగ్గరగా ఉండి మేము నోరెళ్ళబెట్టిన సంగతి ఒకటి చెప్పాలి. కర్ణాటక సంగీతంలో మేళకర్త రాగాలు 72. ఆ అంకె ఎలా వచ్చిందంటే, సప్తస్వరాల్లో సా, పా కదలవు. రి, గ కలిసి ఆరు రకాలుగా అమరుతాయి. ద, ని కూడా ఆరు రకాలు. మ రెండు రకాలు. ఆరార్లు ముప్పై ఆరు, రెండింతలు చేస్తే డెబ్బై రెండు. పదిహేడో శతాబ్దంలో వేంకటమఖి వేసిన లెక్క ఇది. వీటిలో చాలా రాగాలు కచేరీల్లో ఎవరూ పాడరు, చాలావాటిలో కృతులు కూడా అరుదు. లెక్క కుదిరింది కాబట్టి ఉన్నాయి, అంతే.

బాలమురళి గారు పదహారేళ్ళు నిండకముందే ఆ 72 రాగాల్లోనూ తలా ఒక కృతి కట్టడం పూర్తి చేశారంటారు. 1952లో 'జనక రాగ కృతి మంజరి' పేరుతో అవి పుస్తకంగా వచ్చాయి. మా ఆఫీసులో అన్ని కలయికలూ పరీక్షించారా అని ఎవరైనా అడిగితే తల దించుకుంటాం. ముఖ్యమైనవి చూశాం సార్ అంటాం. ఆ కుర్రాడు మాత్రం ఒక్కటీ వదల్లేదు.

తర్వాత లెక్క బయటికి కూడా వెళ్ళారు. రాగానికి కనీసం అయిదు స్వరాలుండాలని పెద్దల మాట. ఆయన నాలుగు స్వరాలతోనే మహతి, లవంగి లాంటి రాగాలు పాడారు. మహతి అంటే నారదుడి వీణ పేరు. 1967లో వచ్చిన 'భక్త ప్రహ్లాద'లో నారదుడి వేషం కూడా ఆయనదే. నాలుగు స్వరాలు రాగమవుతాయా అని వీణ విద్వాంసులు ఎస్. బాలచందర్ గారు గట్టిగా పోట్లాడారు. ఆ తగువు తీర్చే విద్య మాకు లేదు. వింటే మాత్రం ఏదో తక్కువైందని మా చెవికి అనిపించదు.

లెక్కల పుస్తకం

తాతయ్య నిజంగా విన్నది ఎక్కడ? రేడియోలో. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. బాలమురళి గారు ఆ కేంద్రంలో పనిచేశారు. అక్కడి భక్తిరంజని రూపుదిద్దుకోవడం వెనక ఆయన పేరూ బాలాంత్రపు రజనీకాంతరావు గారి పేరూ చెబుతారు. యానాంలో తాతయ్య వాళ్ళింట్లో రేడియో లేదు. వీధి చివర కాఫీ హోటలు అరుగు మీద కూర్చుని వినేవారట. (ఈ 'ట' మేము కావాలని ఉంచాం.) జెండా ఫ్రెంచిది, గొంతు బెజవాడది. సరిహద్దు దగ్గర మనుషుల్ని ఆపేవారు గానీ పాటనెవరు ఆపుతారు?

క్యాంపుకి వచ్చాక మొదటి పంట డబ్బుతో రేడియో కొన్నారు. ఆయన ధాన్యం లెక్కల పుస్తకం మా దగ్గరుంది. బస్తాలు, కూలీలు, యూరియా, మధ్యలో అక్కడక్కడా ఇలాంటి ముక్కలు: "ఉదయం భక్తిరంజని. బాలమురళి, రామదాసు కీర్తన. గాలి గోల, సగం వినబళ్ళేదు." ఇంకోచోట: "బాలమురళి. తత్వం. పొలం ఆలస్యంగా పోయితిని." బెజవాడ స్టేషను అక్కడ గరగరమంటూ అందీ అందకుండా వచ్చేదట. రేడియోని కిటికీకి ఆనించి, చెవి దానికి ఆనించి వినేవారు.

మేము తెలుగు చదవడం నేర్చుకుంది ఈ పుస్తకంలోనే. కన్నడ అక్షరాలు వచ్చినవాళ్ళకి తెలుగు లిపి సగం చుట్టమే, తలకట్టు దగ్గరే తడబాటు. తాతయ్య రాసిన కీర్తన పేరు చూసి, క్యాసెట్టు పెట్టుకుని, వినబడేది ఏ అక్షరమో పోల్చుకునేవాళ్ళం. ఇంకెవరి పాటతోనైనా ఇది కుదిరేదో లేదో. బాలమురళి గారి పాటలో మాట చెదరదు. సంగతులు ఎన్ని పడ్డా 'పలుకు' పలుకులాగే వినబడుతుంది. మంద్రంలోకి దిగినా గొంతు గరగరలాడదు, తారస్థాయికి వెళ్ళినా అరిచినట్టుండదు. పక్కన కూర్చుని మెల్లగా చెప్పినట్టుంటుంది. తెలుగు బడి మెట్టెక్కని మాకు ఆయన గొంతే ఓనమాలు దిద్దించింది.

తాతయ్యకి నచ్చనిదీ లేకపోలేదు. పెద్దయ్యాక చేసిన కొన్ని కచేరీల్లో కిందనుంచి ఒక్కసారిగా పైకి గెంతడం, స్వరాలతో చమత్కారాలు చెయ్యడం వింటే "ఇది గారడీ" అని విసుక్కునేవారు. మళ్ళీ రేడియో మాత్రం కట్టేవారు కాదు.

ఎవరివాడు?

బళ్ళో మమ్మల్ని 'ఆంధ్రావాళ్ళు' అనేవారు. సెలవులకి యానాం వెళితే అక్కడ 'కన్నడం పిల్లలు'. ఈ రెంటి మధ్యా నలిగిన పిల్లలకి బాలమురళి గారి సంగతి వింతగా ఉండేది. దూరదర్శన్‌లో 'మిలే సుర్ మేరా తుమ్హారా' వచ్చినప్పుడు ఆయన తమిళంలో పాడేవారు. కాబట్టి తమిళాయన అనుకున్నాం. కన్నడం మాస్టారు త.రా.సు. నవల గురించి చెబుతూ, దాని మీద జి.వి. అయ్యర్ తీసిన 'హంసగీతె' సినిమాకి పాడినందుకు 1975లో జాతీయ అవార్డు వచ్చిందన్నారు. మళ్ళీ అయ్యర్ గారిదే 'మధ్వాచార్య'కి సంగీత దర్శకుడిగా ఇంకో జాతీయ అవార్డు. సరే, కన్నడాయన. ఇంటికొస్తే తాతయ్య, మా అవతలి ఒడ్డువాడు అనేవారు. 1991లో పద్మవిభూషణ్ వచ్చింది. 2005లో ఫ్రెంచి ప్రభుత్వం షెవాలియే గౌరవం ఇచ్చింది. ఆ వార్త విని తాతయ్య, "ఫ్రెంచోళ్ళు మా ఊరొదిలి యాభై ఏళ్ళయ్యాక గానీ వాళ్ళకి మా పాట వినబళ్ళేదు" అని పకపకా నవ్వారు.

ఎక్కడ పాడితే అక్కడివాడయ్యాడు, అలాగని శంకరగుప్తం ఎక్కడికీ పోలేదు. మేమూ ఈ లెక్కనే బతకొచ్చని అప్పుడనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

తాతయ్య 2011లో పోయారు. 2016 నవంబరు 22న చెన్నైలో బాలమురళి గారు కన్నుమూసిన వార్త మాకు మామ్మే చెప్పింది. నోట్లు రద్దయిన రోజులు. బ్యాంకు వరసలో నిలబడి, ఎవరి ఫోనులోనో వార్త విని, వరస వదిలేసి ఇంటికొచ్చి ఫోను చేసింది. "మీ తాతయ్య ఉంటే ఇవాళ అన్నం తినేవారు కాదు" అంది.

కాబట్టి పాత పేజీలో వాక్యాన్ని ఇలా మారుస్తున్నాం: 'మా ముత్తాత బాలమురళి గారి చిన్ననాటి కచేరీ బెజవాడలో విన్నారట. మా తాతయ్య ఆయన్ని జీవితాంతం రేడియోలో విన్నారు.' మొదటి వాక్యంలో 'ట' ఉంది, రెండోదానికి లెక్కల పుస్తకం సాక్ష్యం ఉంది. బాబాయి గారు ఫ్రేము మార్చుకోవాలి. కొత్తదానికయ్యే ఖర్చు మాది, తప్పు మాది కాబట్టి.

చుట్టాల్లో ఎవరి దగ్గరైనా ముత్తాత బెజవాడ ప్రయాణాల గురించి ఉత్తరం గానీ, బట్టల చిట్టా గానీ ఉంటే తెలియజెయ్యండి. ఆ 'ట' తీసెయ్యగలిగితే మాకంటే సంతోషించేవాళ్ళుండరు. అందాకా అది అక్కడే ఉంటుంది.